వినవచ్చు వసంతము

మన భాషలో వసంతవర్ణనము లేని ప్రబంధము అరుదు. ప్రబంధమునకు చెప్పబడిన పదునెనిమిది వర్ణనములలో ఋతువర్ణన మొకటి. ఋతువులలో కవులకు ముద్దుబిడ్డ వసంతము. మావిచిగురు, మల్లెమొగ్గ, మలయమారుతము, తుమ్మెద, కోయిల: ఈ సామగ్రిని ముందుంచుకొని మన కవులు తరతరములుగా పద్యములు కట్టిరి. రామరాజభూషణుని వసుచరిత్రములోని వసంతవర్ణనము అర్థముకంటె ముందుగా నాదముచేతనే చెవి నాకర్షించునని పెద్దలందురు. పైతరగతి పిల్లలకు ఛందస్సు చెప్పునప్పుడు నేనొక చిన్న పరీక్ష చేయుదును. పద్యమునకు అర్థము చెప్పక, రెండుసార్లు రాగముతో చదివి, “ఇది ఏ కాలమును గూర్చినది?” అని అడుగుదును. చాలమంది సరిగానే చెప్పుదురు. మాటల అర్థము తెలియకున్నను శబ్దములోనే కాలము కొంత వినబడుచున్న దన్నమాట.

అట్లయినచో మాటలను పూర్తిగా తీసివేసి, కేవలము శబ్దముతోనే వసంతము వచ్చినదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు ఐరోపాఖండపు సంగీతకర్తలు మూడువందల యేండ్లుగా సమాధానము చెప్పుచునే యున్నారు. ఆ సమాధానములలో నాలుగింటిని గూర్చి మా పిల్లలకును, వారి తల్లిదండ్రులకును చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను. నేను సంగీతవిద్వాంసుడను కాను, తెలుగు పంతులును. కాని విన్నదానిని మరియొకరికి చెప్పుటకు చెవులును, ఓపికయు ఉన్న చాలును గదా!

ఈ సంగీతముతో నాకు పరిచయమైన తీరును ముందు చెప్పెదను. నేను గంజాము జిల్లాలో పుట్టి పెరిగినవాడను. ఉపాధ్యాయశిక్షణకై సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశమునకు పోయితిని. మాతృభాష రాజ్యమేలు చోటికి పోవుచున్నానని ఉప్పొంగితిని. కాని అచ్చట నా మాటలోని యాసను విని కొందరు “నీది ఏ ఊరి తెలుగోయ్?” అని నవ్వెడివారు. ఇంటికడ నన్ను తెలుగువాడనిరి, అక్కడ ఒడియావాడనిరి. సంక్రాంతి సెలవులలో అందరును ఊళ్ళకు పోగా, చేత డబ్బు చాలక నేను వసతిగృహముననే నిలిచిపోయితిని. నా గదిలోని సహాధ్యాయి తన క్యాసెట్ల పెట్టెను నాకు విడిచిపోయెను. అందులో పాశ్చాత్య వాద్యబృందముల సంగీతము కొంత యుండెను. ఆ ఒంటరిదినములలో మాటలు లేని ఆ సంగీతము నాకెంతయో హాయి గొలిపెను. అది వినువానిని నీ యాస ఏదని అడుగదు.

వాద్యబృందము, అనగా ఆర్కెస్ట్రా, అనగానే మన పిల్లలకు పెండ్లిపందిరిలో సినిమాపాటలు పాడువారు తోచుదురు. ఇది వేరు. అరువది, ఎనుబది, ఒక్కొక్కప్పుడు నూరుమంది వాద్యకారులు అర్ధచంద్రాకారముగా వరుసలు తీరి కూర్చుందురు. ముందు వరుసలలో వయొలిన్లు, వానికంటె కొంచెము పెద్దవైన వయోలాలు, మోకాళ్ళ నడుమ నిలిపి వాయించు చెల్లోలు, మనిషి యెత్తున నుండు డబుల్ బేసులు. ఇవి తంత్రీవాద్యములు. వాని వెనుక ఊదు వాద్యములు: ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్. వీనిలో ఓబోయు, బసూనును మన నాదస్వరమునకు చుట్టములే. రెండు పలుచని రెల్లుబద్దలను జతగా కట్టి వాని నడుమ ఊపిరి పోయుదురు. ఆ వెనుక ఇత్తడి వాద్యములైన హారన్, ట్రంపెట్, ట్రాంబోన్. చివరన పెద్ద గిన్నెలవంటి టింపనీ డోళ్ళు. అందరి యెదుటను స్వరములు వ్రాసిన కాగితములుండును. ముందు నిలిచిన నిర్దేశకుడు వాద్యమేదియు ముట్టడు. చేతికదలికతో అందరిని నడుపును.

మన కచేరీలో విద్వాంసుడు రాగమును అప్పటికప్పుడు పెంచి పోషించును. అక్కడ సంగీతకర్త ప్రతి స్వరమును ముందే వ్రాసిపెట్టును. ఒక పద్యమును ఎనుబదిమంది, ఒక్కొక్కరు ఒక్కొక్క పాదము చొప్పున, ఒకేసారి చదువుచున్నట్లు ఊహింపుడు. అది గందరగోళము కాక అర్థవంతమైనచో ఎట్లుండునో వాద్యబృందము అట్లుండును.

ఇక వసంతమునకు వత్తము. నేను చెప్పబోవు నలువురిలో పెద్దవాడు ఆంటోనియో వివాల్డి (1678–1741). ఇటలీలో కాలువలే వీథులుగా గల వెనిస్ నగరమున పుట్టినవాడు, మతగురువు, అనాథబాలికల నాదుకొను పియెటా అను ఆశ్రమమున సంగీతము నేర్పినవాడు. ఆ బాలికల వాద్యబృందమును వినుటకు దూరదేశములనుండి జనులు వచ్చెడివారు. 1725లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున అచ్చైన ఆయన రచనల సంపుటములో “నాలుగు ఋతువులు” మొదట నిలిచినవి. వానిలోను మొదటిది “వసంతము”. దానికి పెద్ద బృందము అక్కరలేదు. ఒక ప్రధాన వయొలిన్, తోడుగా తంత్రీవాద్యములు, ఆధారముగా ఒక మెట్లవాద్యము చాలును.

వివాల్డి మనవలె పద్యమును నమ్మినవాడు. ప్రతి ఋతువునకును పదునాలుగు పంక్తుల పద్యమొకటి చేర్చి, ఏ పంక్తి ఏ స్వరములకు చెందునో స్వరపత్రముపైననే అచ్చువేయించెను. టీకాతాత్పర్యములతో కూడిన సంగీతమనవచ్చును. వసంతము వచ్చినదని అందరును కలిసి సంతోషముగా పలుకుదురు. వెంటనే మూడు వయొలిన్లు పక్షులై ఒకదానికొకటి బదులిచ్చుకొనును. సెలయేరు పారును. ఉరుములు ఉరుమును, మెరుపులు మెరయును. అవి సద్దుమణిగిన పిదప పక్షులు మరల నోరు విప్పును. రెండవభాగమున మేకలకాపరి పచ్చికపై నిద్రించుచుండగా, వయోలా గట్టిగా, మొరటుగా మరల మరల పలుకుచుండును. అది కాపరికుక్క మొరుగుట. మూడవభాగము పల్లెవారి నృత్యము. పిల్లలకు మొదట వినిపింపదగినది ఇదియే. కుక్క మొరుగుచోట నవ్వని తరగతి నాకింతవరకు తగులలేదు.

వివాల్డి వసంతమును కన్నులయెదుట నున్నదానిని చూపినట్లు చూపెను. చిత్రపటమువలె నుండును. కాని ఆ సంక్రాంతి సెలవులలో నన్ను పట్టి నిలిపినది మరియొక క్యాసెట్టు. దానిపై “వసంత సింఫనీ” అని యుండెను. సింఫనీ యనగా వాద్యబృందమునకై వ్రాయబడిన, సాధారణముగా నాలుగు భాగములు గల పెద్ద రచన. అది హారన్లతోను, ట్రంపెట్లతోను ఆరంభమగును. సన్నని పక్షికూతగాని, సెలయేటి సవ్వడిగాని లేదు. ఎత్తైన గోపురముపై నిలిచి ఎవరో దేశమునంతటిని మేలుకొలుపుచున్నట్లు పిలుపు! వసంతమునకు ఇంత కేక యేల? వసంతము మన యింటికి చిన్నగా వచ్చును. ఒక వేకువను వేపపూవు రాలియుండును, ఒక మధ్యాహ్నము కోయిల కూయును, అంతే. ఈ శంఖారావ మెందుకని నాకు బోధపడలేదు.

గ్రంథాలయమున దొరికిన పుస్తకములు చదివిన పిదప కొంత తెలిసినది. ఆ సింఫనీని వ్రాసినవాడు రాబర్ట్ షూమన్ (1810–1856). జర్మన్ దేశమున లైప్సిగ్ నగరమున కాపురముండెను. క్లారా అను ప్రసిద్ధ పియానో విదుషీమణిని ప్రేమించెను. ఆమె తండ్రి ఒప్పుకొనలేదు. వారు న్యాయస్థానమునకెక్కి, గెలిచి, 1840 సెప్టెంబరులో పెండ్లాడిరి. ఆ మరుసటి జనవరిలో, 1841 జనవరి 23 మొదలు 26 వరకు, నాలుగే నాలుగు దినములలో ఈ సింఫనీకి చిత్తుప్రతి పూర్తిచేసెను. అడాల్ఫ్ బ్యోట్గర్ అను కవి వ్రాసిన యొక వసంతపద్యపు కడపటి మాటలు ఆయనకు ప్రేరణ. ఆ సంవత్సరమే మార్చి 31న, లైప్సిగ్‌లోని గెవాండ్‌హౌస్ అను సంగీతశాలలో, మెండెల్సన్ నిర్దేశకుడుగా దానిని మొదటిసారి వినిపించిరి.

ఇందులో నేను ఆగినచోటు “జనవరి” అను మాట. లైప్సిగ్‌లో జనవరి యనగా నడిశీతకాలము. పగలు తొమ్మిది గంటలకు మించదు. చెట్లు ఆకులు రాల్చి కట్టెలై నిలుచును, నీరు గడ్డకట్టును, నేల మంచుక్రింద పూడిపోవును. మన చలి ఒక దుప్పటితో తీరును. వారి చలి లోకమునే మూసివేయును. అట్టి గదిలో కూర్చుండి షూమన్ వసంతమును వ్రాసెను. అప్పుడు కిటికీ బయట వసంతము లేదు; వచ్చుటకు ఇంకను రెండునెలలున్నది. తరువాత ఆయన ఒక నిర్దేశకునకు లేఖ వ్రాయుచు, వసంతమునకై తహతహను వాద్యబృందములోనికి కొంచెము ఊదగలరా యని అడిగెను. తొలి ట్రంపెట్టు పిలుపు పైనుండి వచ్చిన మేలుకొలుపువలె నుండవలెననెను. ఆ పిమ్మట లోకము పచ్చబడుట, ఒక సీతాకోకచిలుక యెగురుట కూడ స్ఫురింపవచ్చుననెను. గమనింపుడు: ఆయన కోరినది వసంతము కాదు, వసంతమునకై తహతహ.

ఆ పిలుపునుగూర్చి ముచ్చటయొకటి కలదు. షూమన్ మొదట దానిని ఇప్పటికంటె కొంచెము క్రింది స్థాయిలో వ్రాసెను. ఆ కాలపు హారన్లకును ట్రంపెట్లకును అన్ని స్వరములును స్పష్టముగా పలుకవు. అభ్యాసమున వాయించి చూడగా, దేశమును మేలుకొలుపవలసిన పిలుపు గొంతు పట్టినట్లు వినవచ్చెనట! వెంటనే దానిని పైస్థాయికి ఎత్తిరి. ఇప్పుడు మనము వినునది ఆ యెత్తిన పిలుపే. నాలుగు భాగములకును ఆయన మొదట వసంతారంభము, సాయంకాలము మొదలగు పేర్లు పెట్టి, తరువాత తీసివేసెను. పేర్లు తీసివేసినను తహతహ పోలేదు. దీనిని తెలిసికొనిన పిదప ఆ క్యాసెట్టును మరల వింటిని. ఇంటికి దూరమున, ఖాళీ వసతిగృహమున, ఆ కేక నాకు అప్పుడు అర్థమైనది. శీతకాలము తెలియనివానికి ఆ వసంతము తెలియదు.

మూడవవాడు రష్యాదేశీయుడైన ఈగోర్ స్ట్రావిన్‌స్కీ (1882–1971). ఈయన వసంతము మల్లెపూవు కాదు, భూకంపము. “వసంతారాధనము” అనదగిన నృత్యరూపకమునకై వ్రాసిన సంగీతమిది. ప్రాచీన రష్యాలో జనులు భూమికి మరల జీవము వచ్చుటకై ఒక కన్యను బలియిచ్చినట్లును, ఆమె ప్రాణము పోవువరకు నర్తించినట్లును కల్పన. సుమారు నూరుమంది వాద్యకారులు కావలెను, హారన్లే ఎనిమిది. ఆరంభము మాత్రము ఒంటరి బసూన్‌ది. సాధారణముగా లోగొంతుకతో పలుకు ఆ వాద్యమును, దానికి అలవాటులేని పైస్థాయిలో, గొంతు చించుకొన్నట్లు పలికించెను. ఆ వరుస లిథువేనియా జానపదగీతమునుండి వచ్చినది. తరువాత తాళము విరిగి, మరల కూడి, విరిగి నేల పగులుచున్నట్లుండును. 1913 మే 29న పారిస్ నగరమున తొలి ప్రదర్శనము జరిగినప్పుడు ప్రేక్షకులలో కొందరు నవ్విరి, కొందరు కేకలువేసిరి, కలహించిరి. వాద్యముల శబ్దము నర్తకులకే సరిగా వినబడలేదు. నిర్దేశకుడు పియేర్ మోంట్యూ మాత్రము చలింపక చివరివరకు నడిపెను. మరుసటి యేడు ఏప్రిల్‌లో అదే పారిస్‌లో ఆ సంగీతమునే కచేరీగా విని జనులు స్ట్రావిన్‌స్కీని భుజములపై నెత్తుకొని పోయిరి. చెవి మారుటకు ఏడాదియే పట్టినది!

ఇంత భయంకరమైన వసంతమెక్కడిది? ముసలితనమున స్ట్రావిన్‌స్కీ చెప్పిన మాట కలదు: రష్యాలో తనకు మిక్కిలి ప్రియమైనది అక్కడి వసంతమనియు, అది ఒక్క గంటలో వచ్చినట్లుండుననియు, నేలయంతయు పగులుచున్నట్లు తోచుననియు. ఐతే ఆ సంగీతములో చాలభాగమును ఆయన రష్యాలో వ్రాయలేదు. స్విట్జర్లండులో, సరస్సు ఒడ్డునున్న క్లారెన్స్ అను ఊరిలో, ఒక చిన్న గదిలో పియానో ముందు కూర్చుండి వ్రాసెను. అచ్చట నేల పగులలేదు. పగిలిన చప్పుడు ఆయన చెవిలో నుండెను.

ఇక నాలుగవవానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. మా పిల్లలకు ఈయన దగ్గరి చుట్టమని నా నమ్మకము. పేరు ఫ్రెడరిక్ డీలియస్. 1862లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టెను. తలిదండ్రులు జర్మనీనుండి వచ్చి స్థిరపడినవారు, తండ్రి ఉన్నివర్తకుడు. కొడుకు వర్తకుడు కావలెనని తండ్రి కోరిక. కొడుకు అమెరికాలోని ఫ్లోరిడాలో నారింజతోట చూచుకొనుటకు పోయి, తోటకంటె సంగీతమే ఎక్కువగా నేర్చుకొనెను. తరువాత లైప్సిగ్‌లో చదివెను. నార్వే సంగీతకర్త గ్రీగ్‌తో చెలిమి చేసెను. 1897 మొదలుకొని ఫ్రాన్సులోని గ్రే అను చిన్న పల్లెలో నివసించెను. అచ్చట 1912లో వ్రాసిన చిన్న రచన “వసంతమున తొలి కోయిలను విన్నప్పుడు”. వాయించుటకు ఆరేడు నిమిషములు పట్టును. ట్రంపెట్లు లేవు, డోళ్ళు లేవు. తంత్రీవాద్యములు, కొన్ని ఊదు వాద్యములు, రెండు హారన్లు, అంతే. తంత్రులు మెల్లగా ఊగుచుండును. నడుమ నెక్కడనో క్లారినెట్ రెండు స్వరములు పలుకును. మరల పలుకును. అదియే ఆ దేశపు కోయిల. ఆయన దానిని ముందునకు తేలేదు. పొలమున కావల, చెట్లలోపల నెక్కడనో ఉన్నట్లుంచెను.

ఇప్పుడు లెక్క చూడుడు. సంగీతకర్త ఇంగ్లండులో పుట్టిన జర్మన్ కుటుంబపు బిడ్డ. ఉన్నది ఫ్రాన్సున. రచనలోని ముఖ్యమైన వరుస నార్వే జానపదగీతము. దానిని మొదట వినిపించినది జర్మనీలోని లైప్సిగ్‌లో, నికిష్ అను నిర్దేశకుడు, 1913 అక్టోబరు 23న. అనగా ఆకులు రాలుకాలమున! ఇంత జరిగిన పిదప, దానిని విన్న ఆంగ్లేయులు “ఇది మా వసంతమే” అని గుండెలకు హత్తుకొనిరి. డీలియస్ ఏ దేశమువాడు? నాలుగు దేశములవాడు, లేక ఏ దేశమువాడును కాడు. ఆ వసంతము ఎవరిది? విన్నవారి దందరిది.

చివరి సంవత్సరములలో ఆయనకు కాలుసేతులు పడిపోయెను, కన్నులును పోయెను. 1928 మొదలు ఎరిక్ ఫెన్‌బీ అను యువకుడు వచ్చి, ఆయన నోట చెప్పిన స్వరములను ఒక్కొక్కటిగా వ్రాసిపెట్టెను. 1934లో ఆయన గ్రేలో మరణించెను. మరుసటి యేడు ఆయన దేహమును ఇంగ్లండునకు తెచ్చి ఒక పల్లె శ్మశానమున ఉంచిరి. కడకు వినికిడియే మిగిలిన మనుష్యుడాయన.

నిరుడు ఫాల్గుణమాసమున ఈ రచనను తొమ్మిదవ తరగతి పిల్లలకు చేతిఫోనులో వినిపించితిని. చిన్న స్పీకరొకటి తగిలించితిని. ఏమియు ముందు చెప్పక, “ఇందులో ఒక పక్షి దాగియున్నది, పట్టుకొనుడు” అంటిని. మూడు నిమిషములు గడచిన పిదప ఒక బాలిక చేయెత్తెను.

“మాస్టారూ, కోయిలండీ. కాని మన కోయిల కాదు.”

“ఎట్లు చెప్పగలవమ్మా?”

“మన కోయిల పైకెక్కుతుందండీ. కూ... ఊ, కూ... ఊ అని ఇంకా ఇంకా పైకి పోతుంది. ఇది దిగుతోందండీ.”

నాకు కలిగిన సంతోషము ఇంతయని చెప్పలేను. సంగీతము నేర్వని ఆ పిల్ల పక్షిశాస్త్రమును, స్వరశాస్త్రమును ఒక్కమాటలో చెప్పినది. మన కోకిలయు, ఐరోపా దేశముల కకూ పక్షియు ఒకే కులమువి. ఒకే పక్షి కాదు. మన మగకోకిల నల్లనిది. దాని కూత ఆరోహణము. వారి పక్షి బూడిదరంగుది. దాని కూత అవరోహణము, గాంధారమునుండి షడ్జమమునకు దిగినట్లుండును. మన పూర్వులు సప్తస్వరములలో పంచమమును కోకిలకు ఒప్పగించిరి. వారి పక్షి శీతకాలమున ఆఫ్రికాకు పోయి, ఏప్రిల్ మాసమున తిరిగివచ్చును; కనుకనే తొలికూత విన్న దినము వారికి పండుగ. మన కోయిల చాలవరకు ఇక్కడనే యుండి చలికాలమున మౌనము వహించును. రెండును గూడు కట్టవు. మనది కాకిగూటిలోను, వారిది చిన్న పిట్టల గూళ్ళలోను గ్రుడ్డు పెట్టును. అందుకే సంస్కృతమున కోకిలకు పరభృతమని పేరు, పరులచే పెంపబడినదని అర్థము.

ఈ పేరును పట్టుకొని సభలలో కొందరు, పరరాష్ట్రమున పెరిగిన తెలుగుబిడ్డ కోకిలవంటిదని, ఎవరి గూటిలో పెరిగినను తన పాటయే పాడునని ఉపన్యసింతురు. వినుటకు సొంపుగానుండును గాని నాకు నచ్చదు. మనము ఎవరి గ్రుడ్లను త్రోసివేసి ఈ గూటికి రాలేదు. మన యిరుగుపొరుగువారు కాకులును కారు. మా వీథిలో ఉగాదికి మేము పచ్చడి పంచెదము. ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతికి వారు మారేడుపండు పానకము ఇత్తురు. ఒకే వసంతమున ఒకే వీథికి రెండు నూతన సంవత్సరములు. రెండింటికిని కూయునది ఒకే కోయిల. దానిని మనము కోయిల యందుము, వారు కోఇలి యందురు.

ఆ కోఇలితోనే ఒడియావారికి గొప్ప కావ్యమొకటి కలదు. మార్కండదాసు రచించిన “కేశవ కోఇలి”. కృష్ణుడు మథురకు పోగా, యశోద కోయిలను పిలిచి తన దుఃఖము చెప్పుకొనును. పద్యములు అక్షరమాల వరుసన సాగును. వీథిబడుల కాలమున ఒడియా బాలురు దానిని కంఠస్థము చేసెడివారు. మా పిల్లలకు దానిని చూపి నేనడిగితిని: “కృష్ణుడు ఇంటనే యున్నచో యశోద కోయిలతో మాటలాడియుండునా?” ఉండదని వారే చెప్పిరి. లైప్సిగ్ మంచులో షూమన్, సరస్సు ఒడ్డున స్ట్రావిన్‌స్కీ, గ్రేలో డీలియస్, వ్రేపల్లెలో యశోద: వీరందరు ఎదుటలేనిదానిని విన్నవారు. ఉన్నదానిని కన్ను చూచును; లేనిదానిని చెవి వినును. వసంతమును గూర్చిన గొప్ప సంగీతములో ఎక్కువభాగము వసంతపు నడిబొడ్డున పుట్టలేదు. దానికి దూరమున, దానికై చెవియొగ్గిన చోట పుట్టినది.

ఇది చెప్పుట నాకేల అవసరమైనదో తల్లిదండ్రులు గ్రహింతురు. మొన్న వేసవిలో ఒక తండ్రి తన కొడుకును వేరుబడిలో చేర్చుటకై పత్రము తీసికొనిపోవుటకు వచ్చెను. మర్యాదస్థుడు. “మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఇక్కడ తెలుగు చదివితే వాడికి ఏం పనికొస్తుందండీ? తెలుగుదేశం అటుంది, మనం ఇటున్నాం” అనెను. ఆయన మాటలో అసత్యము లేదు. ఉద్యోగపు లెక్కలో నేను జవాబు చెప్పలేను, చెప్పినను నిలువదు. ఆ బాలుడు పద్యమును చక్కగా చదువువాడు. వాని బల్ల ఇప్పుడు ఖాళీగా నున్నది.

ఆయన వెడలిన పిదప నేను ఆలోచించితిని. “అటుంది, ఇటున్నాం” అను ఆ దూరము నిజమే. కాని దూరము భాషను చంపునని ఆయనయు, ఒకప్పుడు నేనును అనుకొంటిమి. నేను విన్న సంగీతము వేరుమాట చెప్పుచున్నది. దూరము వినికిడికి పదును పెట్టును. తెలుగు నలుదిక్కుల మ్రోగుచోట పిల్లలకు దానిని వినవలసిన పనిలేదు, గాలివలె ఉండును. ఇక్కడ మా పిల్ల ప్రతి తెలుగుమాటను ఒడియామాట ప్రక్కన పెట్టి, ఇది ఎక్కుచున్నది, అది దిగుచున్నది అని చెప్పగలదు. రెండు కోయిలలకు భేదము చెప్పిన ఆ బాలిక రెండు భాషల నడుమ పెరిగిన పిల్ల. ఆ చెవి ఆమెకు ఊరకే రాలేదు. ఇది ఉద్యోగము కాదు. కాని ఉద్యోగము పోయినను పోనిది. దూరము ఒక్కటే చాలదనియు నాకు తెలియును. చెవియొగ్గువాడు లేనిచో దూరము వట్టి దూరమే. చెవియొగ్గుట నేర్పువాడొకడు బడిలోను, ఇంటిలోను ఉండవలెను.

బాలబాలికలారా, ఈ నాలుగు రచనలును ఇప్పుడు ఏ చేతిఫోనులోనైనను వినవచ్చును. నావలె క్యాసెట్టు పెట్టెకై ఎవరిపైనను ఆధారపడనక్కరలేదు. ముందుగా వివాల్డిని వినుడు, కుక్కను పట్టుకొనుడు. తరువాత షూమన్ తొలిపిలుపు వినుడు. అప్పుడు గదిలో మంచు కురియుచున్నదని ఊహించుకొనుడు. స్ట్రావిన్‌స్కీని పగటిపూట వినుడు, ఇంటివారికి ముందే చెప్పి! డీలియస్‌ను సాయంకాలము, ఎవరును మాటలాడనప్పుడు వినుడు. ఒక్కసారికి అర్థము కానిచో నిరాశ పడకుడు. పారిస్ వారికే ఏడాది పట్టినది.

ఈ సంవత్సరమునకు మీకొక పని పెట్టుచున్నాను. మీ యింటికడ కోయిల తొలిసారి కూసిన దినమును, వేళను, అది కూర్చున్న చెట్టును ఒక కాగితముపై వ్రాయుడు. పైన తెలుగున, క్రింద ఒడియాలో వ్రాయుడు. అవ్వ తాతలున్నచో వారి చిన్నతనమున కోయిల ఎప్పుడు కూసెడిదో అడిగి, వారు చెప్పిన మాటలనే, వారి యాసతోనే చేర్చుడు. ఆ కాగితములన్నియు నాకిండు. వచ్చు సంచికలో వానిని వరుసగా అచ్చువేయుదము.